రాత్రి ఖర్చు తేలాకే రూఫ్ ఎక్కండి: క్యాంపర్ వ్యాన్ కరెంటు గురించి

(వ్యాన్‌లో వంట, పడక పెట్టుకుని తిరగాలనే ఆసక్తి ఉన్నవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద లెక్కలు రాస్తాను, అంత దూరం నుంచి కనపడవు.

వ్యాన్ కట్టించుకుందామని వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "సార్, రూఫ్ మీద ఎన్ని సోలార్ ప్యానెళ్లు పడతాయి?" ఎన్ని పడతాయో టేపు పట్టుకుని పైకెక్కితే మీకే తెలుస్తుంది, దానికి నేనెందుకు? నేను తిరిగి అడిగేది ఏంటంటే, పొద్దుగూకాక, మళ్లీ తెల్లారి ప్యానెల్ మీద ఎండ సరిగ్గా పడేదాకా, మీరు వ్యాన్‌లో ఏమేం వాడతారు? రాత్రి ఎంత ఖర్చవుతుందో తెలిస్తే బ్యాటరీ తేలుతుంది. బ్యాటరీ తేలితే, దాన్ని పగలు నింపడానికి ప్యానెల్ ఎంత కావాలో తేలుతుంది. ఆ తర్వాత వైర్లు, ఫ్యూజులు. ఈ వరసలోనే రావాలి. ప్యానెళ్లు ముందే కొనేసి, "ఇప్పుడు వీటికి తగ్గ బ్యాటరీ చెప్పండి" అంటే నా దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇవాళ నేను టెంపో ట్రావెలర్ సైజు బండిని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాను. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్ల. శుక్రవారం రాత్రి బయల్దేరి అనంతగిరికో నాగార్జునసాగర్‌కో వెళ్లడం, సెలవులొస్తే అరకో సూర్యలంకో. ఈకో లాంటి చిన్న బండి ఉన్నవాళ్లు నేను చెప్పే అంకెల్లో సగం వేసుకోండి. పద్ధతి అదే.

పద్దు రాద్దాం

వాట్లని గంటలతో గుణిస్తే వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు అయితే ఒక యూనిట్. మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్ అదే, కొత్తదేం కాదు. ఇంటికెళ్లాక బిల్లు తీసి, నెల యూనిట్లని ముప్పైతో భాగించి చూడండి. వ్యాన్‌లో మనకి దొరికేది ఎంత తక్కువో అప్పుడు అర్థమవుతుంది.

రాత్రీ పగలూ కలిపి ఒక రోజు మొత్తానికి రాద్దాం. మొదట ఫ్రిజ్. 12 ఓల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, 40, 50 లీటర్లది. నడిచేటప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. రోజంతా నడవదు, చల్లబడగానే ఆగుతుంది. డిసెంబరులో ఏడెనిమిది గంటలు నడిచే ఫ్రిజ్ మన మే నెలలో పదకొండు, పన్నెండు గంటలు నడుస్తుంది. ఎండాకాలం లెక్కే వేద్దాం, పదకొండు గంటలు. 550.

ఫ్యాన్లు. 12 ఓల్టులవి రెండు, ఒక్కోటి 25 వాట్లు, పది గంటలు. 500. ఇది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఫ్యాన్లు ఫ్రిజ్‌తో సమానంగా తింటాయా? తింటాయండి. రాత్రంతా తిరుగుతాయి కదా.

లైట్లు నాలుగు, ఐదేసి వాట్లు, ఐదు గంటలు. 100. ల్యాప్‌టాప్ 50 వాట్లు, నాలుగు గంటలు. 200. వర్క్ ఫ్రం హోం అని చెప్పి వర్క్ ఫ్రం వ్యాన్ చేసేవాళ్లు, నవ్వకండి, ఇక్కడే కొందరున్నారు, వాళ్లు ఎనిమిది గంటలు వేసుకోవాలి. ఫోన్లన్నీ కలిపి 50. నీళ్ల పంపు రోజు మొత్తం మీద పావుగంట కూడా తిరగదు, 12 వేద్దాం.

ఇక మిక్సీ. అమ్మలు ఇక్కడే పట్టుకుంటారు నన్ను. "పచ్చడి లేకుండా ఇడ్లీ ఎలా తింటారు?" తినలేం, ఒప్పుకుంటాను. మిక్సీ 750 వాట్లు. భయపడకండి. నాలుగు నిమిషాలు తిప్పితే అయ్యేది 50 వాట్-అవర్లు. అంతే! ఫ్రిజ్ తినేదాంట్లో పదకొండో వంతు. మిక్సీ పెళ్లికొచ్చి విస్తరి నిండా తిని మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయే చుట్టం. ఫ్రిజ్ అలా కాదు, గంటకోసారి కాఫీ మాత్రమే అడుగుతుంది, కానీ నెల దాకా కదలదు. బ్యాటరీ ఎంత పెద్దదో ఫ్రిజ్, ఫ్యాన్ల లాంటివి తేలుస్తాయి. ఇన్వర్టర్, అంటే బ్యాటరీ 12 ఓల్టుల్ని ఇంటి 230 ఓల్టులుగా మార్చే పెట్టె, అది ఎంత పెద్దదో, దాని వైర్లు ఎంత లావో మిక్సీ తేలుస్తుంది. ఈ రెండు లెక్కల్నీ కలిపేస్తేనే చిక్కు. "మిక్సీ ఉంది కాబట్టి పెద్ద బ్యాటరీ పెట్టాం" అంటారు. అవసరం లేదు.

ఎంతయింది? 550, 500, 100, 200, 50, 12, 50. మొత్తం 1,462. ఆగండి, ఒకటి రాయలేదు. చాలామంది రాయరు దాన్ని. ఇన్వర్టర్! ఏమీ పెట్టకపోయినా, ఊరికే ఆన్‌లో ఉన్నందుకే అది 10, 15 వాట్లు తింటుంది. 15 చొప్పున 24 గంటలు వేస్తే 360. ల్యాప్‌టాప్, ఫోన్లు, లైట్లు అన్నీ కలిపి 350 అయితే, ఏ పనీ చేయని పెట్టె 360 తినేస్తోంది. అందుకని ఇన్వర్టర్‌కి చేతికందే చోట స్విచ్ పెట్టించండి. మిక్సీ వేసేటప్పుడు ఆన్, కడిగేటప్పుడు ఆఫ్. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, పంపు అన్నీ నేరుగా 12 ఓల్టులవే తీసుకోండి. ల్యాప్‌టాప్‌కి కూడా 12 ఓల్టుల నుంచి నడిచే టైప్-సీ ఛార్జర్లు ఉన్నాయి.

నష్టాలకి ఓ పది శాతం కలిపితే 1,600. 1.6 యూనిట్లు అనుకోండి. ఇదీ మన పద్దు.

అదిగో, చెయ్యి ఎత్తారు. ఏసీ గురించే కదా? తెలుసు. ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ, రాత్రి సెట్ అయ్యాక సగటున 500 వాట్లు అనుకుందాం. ఎనిమిది గంటలకి 4,000. అంటే ఇప్పటిదాకా రాసిన సంసారం మొత్తానికి రెండున్నర రెట్లు, ఒక్క ఏసీకి. బ్యాటరీ ఇంకో 370 ఆంపియర్-అవర్లు పెరగాలి (బ్యాటరీ సైజు చెప్పే కొలత అది, ఎలా వస్తుందో ఇప్పుడే చెప్తాను). ప్యానెల్ ఇంకో 1,100 వాట్ల పైన కావాలి, దానికి ఐదున్నర చదరపు మీటర్ల రూఫ్ పోతుంది. చేయొచ్చు. చేసినవాళ్లున్నారు. కానీ అప్పుడు మీరు 12 ఓల్టుల మీద ఉండకూడదు, 24కో 48కో వెళ్లాలి. అది వేరే ప్రసంగం. నా సలహా అడిగితే, ఏసీ పెట్టుకోండి, రిసార్ట్‌లో ప్లగ్ పాయింట్ దొరికినప్పుడు వేసుకోండి. దొరకనప్పుడు 12 ఓల్టుల చిన్న కూలర్. మన హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండ పొడి ఎండ, 40, 50 వాట్ల కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే కూలర్ సూర్యలంకలో పెట్టారనుకోండి, ఒళ్లంతా జిడ్డే తప్ప చల్లదనం రాదు. గాలిలో ముందే తేమ ఉంటే నీళ్లెక్కడ ఆవిరవుతాయి? సముద్రం పక్కకి వెళ్తే కూలర్ కట్టేసి, తలుపులు తీసి, దోమతెర కట్టుకోండి.

బ్యాటరీ

12 ఓల్టుల లిథియం బ్యాటరీ అసలు ఓల్టేజ్ 12.8. మన 1,600ని దాంతో భాగిస్తే 125 ఆంపియర్-అవర్లు. మబ్బు పట్టిన రోజుకి కాస్త దమ్ము ఉండాలి కాబట్టి 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చెప్తాను. 2,560 వాట్-అవర్లు. అందులో 85 శాతం హాయిగా వాడుకోవచ్చు, 2,176. ఒక రోజు ఖర్చు పోను, ఇంకో మూడో వంతు రోజుకి సరిపడా చేతిలో ఉన్నట్టు.

"ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ ఉంది, అది పెట్టేస్తే?" ఇది అడగనివాళ్లు లేరు. 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ తీసుకోండి. దాన్ని సగానికి మించి రోజూ దించితే ఆయుష్షు పోతుంది. అంటే చేతికొచ్చేది 900 వాట్-అవర్లు. మన పద్దుకి రెండు కావాలి, ఒక్కోటి 50 కిలోల పైమాటే. పైగా చివరి ఇరవై శాతం నిండడానికి గంటలు పట్టిస్తుంది, ఆలోపు ఎండ వెళ్లిపోతుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మీరు పడుకునే మంచం కింద! ఇంట్లో వరండాలో పెడతాం కాబట్టి దాని సంగతి పట్టించుకోం. 200 ఆంపియర్-అవర్ల లిథియం పాతిక కిలోలు కూడా ఉండదు.

లిథియం అనగానే "పేలుతుంది కదా సార్" అంటారు. ఫోన్లలో ఉండే రకం వేరు, ఇది వేరు. ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి తట్టుకుంటుంది, అంత తేలిగ్గా అంటుకోదు. దాని చిక్కులు దానికున్నాయి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. మనకెందుకు అంటారా? లంబసింగిలో జనవరి తెల్లవారుజాము సున్నాకి దగ్గరగా వెళ్తుంది. లడఖ్ వెళ్లేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పై వైపు చూస్తే, చాలా బ్యాటరీలకి ఛార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. మే నెలలో అద్దాలు మూసి ఎండలో వదిలేసిన వ్యాన్ లోపల ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా? అందుకని బ్యాటరీని ఎండ తగిలే రేకు గోడకి ఆనించకండి, ఇంజను పక్కన పెట్టకండి. సీటు కింద, గాలి ఆడే పెట్టెలో పెట్టండి.

ఇంకో సంగతి. ఈ బ్యాటరీ ఓల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. 70 శాతం దగ్గర 13.2 చూపిస్తుంది, 40 శాతం దగ్గర 13.1. మీ మీటరు ఆ తేడాని సరిగ్గా పట్టుకుంటుందని గ్యారంటీ ఏంటి? ఫ్రిజ్ ఆన్ అయితే చాలు, ఆ తేడా కలిసిపోతుంది. కాబట్టి నెగటివ్ వైపు షంట్, అంటే పోయే కరెంటుని కొలిచే చిన్న ముక్క, పెట్టి, వచ్చిన ఆంప్స్, పోయిన ఆంప్స్ లెక్కపెట్టే మానిటర్ తీసుకోండి. ఖర్చు తగ్గించాలంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడొద్దు. అది లేకపోతే ఇందాక రాసిన పద్దంతా అంచనాయే, నిజమో కాదో ఎప్పటికీ తెలియదు.

ఎండ సంగతి

హైదరాబాద్‌లో ఏడాది సగటు తీస్తే రోజుకి సుమారు ఐదు గంటల పూర్తి ఎండకి సమానం దొరుకుతుంది. ఏప్రిల్‌లో ఆరు దాటుతుంది. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే నాలుగు కూడా రాదు. ప్యానెల్ వాట్లు, ఆ గంటలు, నష్టాలకి 0.7. 400 వాట్లు పెడితే 400 ఇంటూ 5 ఇంటూ 0.7, అంటే 1,400. మన ఖర్చు 1,600. తక్కువ పడింది కదా? ఆ మిగతాది ఇంజను ఇస్తుంది, వస్తున్నా దానికి.

ఆ 0.7 ఎక్కడిది? నష్టం అన్నిటికన్నా ఎక్కువగా వేడి వల్ల. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెల మధ్యాహ్నం రూఫ్ మీది ప్యానెల్ 65, 70 డిగ్రీలకి పోతుంది. డిగ్రీకి 0.35 శాతం దాకా తగ్గుతుంది. 45 డిగ్రీలు ఎక్కువైతే 16 శాతం దగ్గర మాయం. ఎండ మండిపోతోంది కాబట్టి కరెంటు దండిగా వస్తుందనుకుంటాం, నిజానికి చలికాలం మిట్టమధ్యాహ్నం అదే వెలుతురుకి ప్యానెల్ ఇంకా బాగా పనిచేస్తుంది. కాబట్టి ప్యానెల్ కింద కనీసం రెండంగుళాల సందు వదలండి, గాలి ఆడాలి. వంగే ప్యానెల్‌ని జిగురుతో రేకుకి అంటించేస్తే చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, నేను మాత్రం పెట్టించను. వేడి పోవడానికి దారే ఉండదు.

ఇక వాలు. ఇళ్ల మీద ప్యానెల్‌ని దక్షిణానికి వంచుతాం. వ్యాన్ ఎటు తిరిగి ఆగుతుందో ఎవరికి తెలుసు? పడుకోబెట్టడమే. మన ఊళ్లో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నీడే పడదు. ఆ రోజుల్లో పడుకోబెట్టిన ప్యానెలే రాజు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పావు వంతు పోతుంది. పోనీయండి, అప్పుడు ఫ్యాన్లు తిప్పం, ఫ్రిజ్ కూడా తక్కువే నడుస్తుంది.

వాలు కన్నా నీడతో వచ్చే తంటా ఎక్కువ. ఎక్కడికెళ్లినా మన చెయ్యి స్టీరింగ్‌ని వేపచెట్టు కిందికే తిప్పుతుంది. మనిషికి నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి, ఇద్దరూ ఒకే బండిలో ఉన్నారు! ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా గొలుసు కట్టి ఉంటాయి. ఒక మూల చిన్న కొమ్మ నీడ పడ్డా, బైపాస్ డయోడ్ ఆ భాగాన్ని పక్కకు నెట్టేసి మూడో వంతు తీసేస్తుంది. మీ రూఫ్ వెంట్, క్యారియర్ కడ్డీ నీడ కూడా అంతే. ప్యానెల్ చోటు నిర్ణయించే ముందు పొద్దున తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి పైకెక్కి ఆ నీడలు ఎక్కడ పడుతున్నాయో చాక్‌పీసుతో గీయండి.

ప్యానెల్ నుంచి బ్యాటరీ ఛార్జింగ్ చూసుకునే పెట్టె ఛార్జ్ కంట్రోలర్. అది ఎంపీపీటీదే, అంటే ప్యానెల్‌ని దాని సొంత ఓల్టేజ్ దగ్గరే పనిచేయించే రకమే, తీసుకోండి, 30 ఆంప్స్‌ది సరిపోతుంది. చవగ్గా దొరికే పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ని బ్యాటరీ ఓల్టేజ్ దగ్గరికి లాగేస్తుంది. 18 ఓల్టుల ప్యానెల్‌ని 13 దగ్గర పనిచేయిస్తే పావు వంతు పైనే వృథా. ఇళ్ల మీద పెట్టే 540 వాట్ల ప్యానెల్ వాట్ లెక్కన చవక అని కొందరు తెస్తారు. అది 41 ఓల్టుల దగ్గర పనిచేస్తుంది, పీడబ్ల్యూఎం మీద పెడితే మూడింట రెండు వంతులు పోయినట్టే. ఎంపీపీటీ మీద బాగానే ఉంటుంది, అయితే 30 ఆంప్స్ చాలదు. రెండు మీటర్లు దాటిన పొడవు, 28 కిలోల బరువు, రూఫ్ ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి. బిగించేటప్పుడు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ కలపాలి, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

ఇంజను సంగతి చెప్తానన్నాను కదా. బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ నుంచి, అంటే ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే దాన్నుంచి, మన ఫ్రిజ్, ఫ్యాన్లు నడిపే బ్యాటరీ నింపుకోవచ్చు. కానీ బండి స్టార్టింగ్ బ్యాటరీకి, దీనికి మధ్య ఒక రిలే, అంటే దానంతటదే కలిపే స్విచ్, పెట్టి వైరు లాగేయడం పాతకాలం పద్ధతి. లిథియం బ్యాటరీ ఆకలి మీదుంటే ఇచ్చినంతా లాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోయేదాకా లాగుతుంది. పైగా 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్లు, ఓల్టేజ్‌ని తమ ఇష్టమొచ్చినట్టు ఎక్కిస్తాయి, దించుతాయి. మధ్యలో 30 ఆంప్స్ డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి, అది ఓల్టేజ్ సరిచేసి, లాగేదానికి హద్దు పెడుతుంది. గంట డ్రైవింగ్‌కి సుమారు 400 వాట్-అవర్లు. వానాకాలంలో ప్యానెల్ వెయ్యే ఇచ్చినా, రెండు గంటలు బండి నడిపితే మన 1,600 దాటేస్తాం. స్టార్టింగ్ బ్యాటరీ మాత్రం ఎప్పుడూ విడిగానే ఉండాలి. ఫ్రిజ్ నడిపి నడిపి పొద్దున సెల్ఫ్ కొట్టకపోతే శ్రీశైలం అడవి రోడ్డులో ఎవర్ని తోయమంటారు?

వైర్లు, ఫ్యూజులు

ఇప్పుడు కాస్త నిదానంగా మాట్లాడతాను. ఇప్పటిదాకా చెప్పినవాటిలో లెక్క తప్పితే మీకు ఫ్యాన్ ఆగుతుంది, పెరుగు పులుస్తుంది. ఇక్కడ తప్పితే బండి తగలబడుతుంది.

12 ఓల్టులు కదా, ముట్టుకున్నా షాక్ కొట్టదు కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ అదే పని చేయడానికి 12 ఓల్టుల్లో ఆంప్స్ ఎన్ని కావాలి? ఇంట్లో 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 9 ఆంప్స్ లోపు తీసుకుంటుంది. అదే పొయ్యి ఇన్వర్టర్ మీద నడిస్తే బ్యాటరీ నుంచి 185 ఆంప్స్. వైరుని వేడెక్కించేది ఆంప్స్. అన్నం గ్యాస్ మీద వండుకోండని నేను పోరేది ఇందుకే. లేదు, ఇండక్షన్ కావాల్సిందే అంటే ఇన్వర్టర్‌ని బ్యాటరీకి మీటరున్నర లోపే పెట్టి, 70 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయండి. మధ్యలో 250 ఆంప్స్ ఫ్యూజ్. బొటనవేలంత లావు కేబుల్ అది, వంచడానికి చేతులు నొప్పెడతాయి.

చిన్న వైర్ల సంగతి చూద్దాం. ఫ్రిజ్ బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో ఉంది. కరెంటు వెళ్లాలి, రావాలి, పది మీటర్లు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 1 స్క్వేర్ ఎంఎం వైరు చుట్ట ఇంట్లో ఉంది కదా అని అదే లాగేస్తారు. ఐదు ఆంప్స్ నడిచినప్పుడు ఆ వైరులోనే 0.87 ఓల్టు పడిపోతుంది. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. బ్యాటరీ కాస్త దిగగానే ఫ్రిజ్ 'లో ఓల్టేజ్' అని ఆగిపోతుంది. యజమాని ఏమంటాడు? "ఫ్రిజ్ మంచిది కాదు సార్." వాపసు ఇస్తాడు, ఇంకోటి తెస్తాడు, అదీ ఆగుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే పడేది 0.35. ఇంకో మెట్టు ఎక్కి 4 వేస్తే ఇక ఆ ఊసే ఉండదు.

కొనడానికి ట్రూప్ బజార్ వెళ్లండి, రాణీగంజ్ వెళ్లండి, దొరకనిదంటూ లేదు. కాకపోతే ఒక పని చేయండి. వైరు చివర ప్లాస్టిక్ ఒలిచి, రాగి పోగుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనపడితే అది అల్యూమినియం, పైన రాగి పూత. అంత చవగ్గా ఎందుకిస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది. లావు కేబుల్‌కి వెల్డింగ్ కేబుల్ తీసుకుంటారు, సన్న పోగులు కాబట్టి బాగా వంగుతుంది, ఫర్వాలేదు. దాంట్లోనూ అల్యూమినియందే అంటగడతారు, అక్కడా గీకండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీయండి.

ఫ్యూజ్ ఎందుకు? ఫ్రిజ్‌ని కాపాడటానికి అంటారు చాలామంది. వైరుని కాపాడటానికండి! దారిలో ఎక్కడో రేకు అంచుకి వైరు రాసుకుని, తొడుగు తెగి, బాడీకి తగిలిందనుకోండి. ఫ్యూజ్ లేకపోతే బ్యాటరీలో ఉన్నదంతా ఆ వైరులోంచే పోతుంది. కాబట్టి ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్రిజ్ దగ్గర పెట్టిన ఫ్యూజ్ ఆ మధ్య ఐదు మీటర్లకి ఏం చేస్తుంది? 2.5 వైరుకి 15 ఆంప్స్ ఫ్యూజ్. మాటిమాటికీ పోతోందని 30 వేసేవాడికి నేను బండి ముట్టను.

నా దగ్గరికి ఒక బండి వచ్చింది, వేరేచోట కట్టించింది. "లోపల ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది, ఎక్కడో తెలీదు" అన్నారు. బ్యాటరీ పెట్టె తెరిస్తే మెయిన్ స్విచ్‌గా ఇంట్లో వాడే 63 ఆంప్స్ ఎంసీబీ ఉంది. దాని పక్క మొత్తం గోధుమ రంగుకి తిరిగింది. కేబుల్ చివర లగ్గుని, అంటే బోల్టుకి బిగించే కొసని, కటింగ్ ప్లేయర్‌తో నొక్కి, పైన టేపు చుట్టారు. ఆ టేపు కరిగి తేనెలా కారి గడ్డకట్టింది. లగ్గు పట్టుకుని లాగాను, కేబుల్ చేతిలోకి ఊడొచ్చింది. అంతే బిగువు!

రెండు సంగతులున్నాయి అందులో. ఒకటి ఎంసీబీ. ఇంటి కరెంటు ఏసీ, సెకనుకి వందసార్లు సున్నాకొస్తుంది. స్విచ్ తెరిచినప్పుడు పుట్టే నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. బ్యాటరీది డీసీ, అది సున్నాకి రాదు. ఆ ఆర్క్ మండుతూనే ఉంటుంది, స్విచ్ ఆఫ్ అయినట్టే కనపడుతుంది, లోపల కరెంటు పోతూనే ఉంటుంది. డీసీ అని, ఎన్ని ఓల్టులకో స్పష్టంగా రాసి ఉన్న బ్రేకర్లే వాడాలి. మెయిన్ ఫ్యూజ్ కూడా అంతే. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంప్స్ వదులుతుంది. చిన్న బ్లేడ్ ఫ్యూజ్ కాలిపోయినా, ఆ రెండు కొనల మధ్య ఆర్క్ నిలబడిపోవచ్చు. బ్యాటరీ దగ్గర క్లాస్-టీ ఫ్యూజ్ పెట్టండి. అది 20,000 ఆంప్స్‌ని కూడా తెంపేయగలదు. ధర ఎక్కువే. బేరం చేయండి, మానేయకండి.

రెండోది లగ్గు. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాలి. మీ దగ్గర లేకపోతే రాణీగంజ్‌లో నొక్కించుకుని రండి. టంకం పెడితే గట్టిగా ఉంటుంది కదా అంటారు. గోడలో అయితే ఉంటుంది, మన రోడ్ల మీద అదిరే బండిలో టంకం ఆగిన చోట వైరు విరుగుతుంది. పని పూర్తయ్యాక ఇన్వర్టర్ మీద పది నిమిషాలు పెద్ద లోడ్ పెట్టి, ఆపేసి, ప్రతి లగ్గుని వేలితో తాకి చూడండి. అన్నీ గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం చుర్రుమందంటే, అది మళ్లీ నొక్కాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి తాకి చూడండి, నట్లు వదులవుతాయి.

బాడీ రేకునే నెగటివ్‌గా వాడేయొచ్చా? కార్లలో వాడతారు. మీరు మాత్రం ప్రతిదానికీ విడిగా నెగటివ్ వైరు లాగండి. తుప్పు ఎక్కడ పట్టిందో వెతకడం కన్నా వైరు ఖర్చు తక్కువ. రేకులోంచి వైరు వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్, అంటే రేకు అంచు వైరుని కోయకుండా ఆపే రింగు, వేయండి.

ప్లగ్ పాయింట్ దొరికినప్పుడు

రిసార్ట్‌లో 16 ఆంప్స్ సాకెట్ ఇస్తారు. అందులో ఎర్త్ ఉందో లేదో వాళ్లకే తెలీదు. చిన్న సాకెట్ టెస్టర్ జేబులో పెట్టుకోండి, లైట్లు చూసి చెప్పేస్తుంది. ఇది 230 ఓల్టులు, ఇక్కడ షాక్ కొడుతుంది, బండి బాడీ మొత్తం రేకు. లోపలికి రాగానే, కరెంటు లీకైతే వెంటనే తెంపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి, బాడీ ఎర్త్‌కి కలిసి ఉండాలి. ఎక్స్‌టెన్షన్ రీలు తెస్తే మొత్తం విప్పి పరవండి. చుట్టలోనే ఉంచి ఏసీ నడిపితే ఆ చుట్ట లోపల నుంచి ఉడికిపోతుంది.

మన ఊళ్లో ఇంకో తంటా ఉంది. బండి వారమంతా ఎక్కడుంటుంది? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. ట్రావెలర్ అయితే ఆ ఎత్తుకి లోపలికే పోదు, ప్యానెల్ పెట్టాక అసలు పోదు. బయట రోడ్డు మీద పెడతారు, దుమ్ము. సెల్లార్‌లోకి పోయే చిన్న బండి అయితే ప్యానెల్‌కి వెలుతురే లేదు. అలాంటివాళ్లు ఫ్రిజ్ ఆపేసి, మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, బ్యాటరీని యాభై, అరవై శాతం దగ్గర వదిలేయండి. నూరు శాతం నింపి నెలల తరబడి ఉంచడం లిథియంకి మంచిది కాదు. ప్రయాణానికి ముందు రోజు వాచ్‌మన్ పాయింట్ నుంచి ఛార్జర్ పెట్టుకోండి. అసోసియేషన్ వాళ్లతో ఆ గొడవ మీరే తేల్చుకోవాలి, దానికి నా దగ్గర ఫ్యూజ్ లేదు.

కాగితాల సంగతి రెండు మాటల్లో చెప్తాను. సీట్లు తీసి మంచాలు వేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆర్టీవో అనుమతి లేకుండా ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండి మార్చకూడదు. ముందు వెళ్లి మాట్లాడండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ రాతపూర్వకంగా తెలియజేయండి. తర్వాత క్లెయిమ్ దగ్గర కూర్చుని వాదించడం కన్నా అదే సులువు.

చివరగా ఒక పని అప్పజెప్తాను. బండి పూర్తయ్యాక ఎక్కడికీ వెళ్లకండి. ఒక రాత్రి మీ వీధిలోనే, అందరూ బండిలో పడుకోండి. అన్నీ మామూలుగా వాడండి. తెల్లారి లేచి షంట్ మానిటర్ చూడండి, ఎన్ని ఆంపియర్-అవర్లు పోయాయో రాసుకుని, ఇవాళ్టి పద్దు పక్కన పెట్టండి. రెండూ కలవవు, కలవాలని కూడా లేదు. తేడా ఏ వస్తువు దగ్గర వచ్చిందో వెతకండి. ఆ వెతుకులాటలో బండి మొత్తం మీకు అర్థమైపోతుంది.

అలాగే వైరింగ్ డ్రాయింగ్ ఒకటి గీసి, లామినేట్ చేయించి, బ్యాటరీ పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి. ఏ రంగు వైరు ఎటు పోతోంది, ఏ ఫ్యూజ్ ఎన్ని ఆంప్స్, అన్నీ తెలుగులో రాయండి, దారిలో దొరికే ఎలక్ట్రీషియన్ చదవాలి కదా. పక్కనే ప్రతి రకం ఫ్యూజ్ రెండేసి టేపుతో కట్టి పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి చింతపల్లిలో 250 ఆంప్స్ క్లాస్-టీ ఫ్యూజ్ ఎవరూ అమ్మరు.

ఇక అడగండి. ముందు మీరమ్మా, ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నారు.